పన్నుశాఖ పెట్టిన ముహూర్తం

మా వైపు ఆడపిల్ల మొదటిసారి కాపురానికి వెళ్ళే రోజును అయ్యగారు నిర్ణయిస్తారు. పంచాంగం తిప్పి, వేళ్ళ మీద లెక్కపెట్టి, ఓసారి పైకప్పు వైపు చూసి మరీ చెప్తారు. నా కాపురానికి మాత్రం జర్మనీ ఆదాయపు పన్నుశాఖ ముహూర్తం పెట్టింది. తిథి చూడలేదు, నక్షత్రం చూడలేదు, రాహుకాలం అసలే చూడలేదు. డిసెంబరు ముప్పై ఒకటి లోపల, అంతే. ఇంత సూటిగా ముహూర్తం పెట్టి, పైసా దక్షిణ అడగని పురోహితుణ్ణి మా కరీంనగర్‌లో నేను చూడలేదు. దక్షిణ అడగలేదనడం కూడా తప్పేలెండి. మా ఆయన జీతంలోంచి నెలనెలా ముందే పట్టుకుంటోందట, ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

మా ఆయన జర్మనీలోని కెమ్నిట్జ్‌లో ఎమ్మెస్ చదివి, అక్కడే ఉద్యోగం వెతుక్కుని, చదువుకున్న ఉద్యోగస్తులకు అక్కడ ఉండేందుకిచ్చే బ్లూ కార్డు చేతికి రాగానే పెళ్ళికి దిగాడు. అప్పట్లో మా చుట్టాల్లో ప్రతి రెండో సంబంధానికీ జర్మనీ పేరే వినిపించేది. "అబ్బాయికి బ్లూ కార్డు వచ్చిందట" అని మధ్యవర్తి చెప్పగానే మా నాయిన గౌరవంగా తల ఊపాడు. రేషన్ కార్డుల్లో తెల్లది, గులాబీది తెలుసు గానీ నీలం కూడా ఉంటుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ కార్డు ఉన్నవాడి భార్యకు జర్మన్ భాష పరీక్ష కూడా అక్కర్లేదన్నారు. భార్య ఎలాగూ నోరు మూసుకునే ఉంటుందని ఆ దేశం నమ్మకం కాబోలు అనుకున్నాను. నన్ను చూసి ఉంటే ఆ రూలు పెట్టేవాళ్ళు కాదు.

శ్రావణంలో పెళ్ళయింది. సెలవు అయిపోగానే ఆయన వెళ్ళిపోయాడు. నేను మా ఊళ్ళోనే ఓ ప్రైవేటు స్కూల్లో పిల్లలకి లెక్కలు చెప్పుకుంటూ వీసా కోసం ఎదురుచూశాను. మిగతా సమయమంతా ఆయన ఫోను కోసం ఎదురుచూశాను. ఫోను రోజూ వచ్చేది, అందులో వంక పెట్టడానికి లేదు. పెద్దవాళ్ళ ముందు ఆయన్ని మీరు అనేదాన్ని, గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాక నువ్వు అనేదాన్ని. అంతవరకే మా చనువు.

"తిన్నవా?"

"తిన్న. నువ్వు?"

"తిన్న. ఇక్కడ వాన."

"ఇక్కడ ఎండ."

"ఊఁ. ఇంకేంది మరి."

ఇంకేంది అంటే ఫోను పెట్టేసే వేళయిందని అర్థం. కొత్తగా పెళ్ళయిన మొగుడి నుంచి నాకు వచ్చినవి వాతావరణ వార్తలు. అవి కూడా మా జిల్లావి కావు. నాకు కావలసింది పెద్ద కోరికేమీ కాదు. నువ్వు లేకుంటే ఏం తోస్తలేదు అనో, ఎప్పుడొస్తవ్ అనో ఒక్క మాట. అడిగి చెప్పించుకుంటే దానికి విలువేముంది? అందుకని అడగలేదు. మూతి ముడుచుకుని కూర్చున్నాను. ఫోనులో మూతి కనబడదు.

డిసెంబరు మొదట్లో వీసా వచ్చింది. స్కూల్లో రాజీనామా ఇచ్చి, స్వీట్లు పంచి, ఇంటికొచ్చి ఆయనకి ఫోను చేశాను. ఆయన "మంచిగైంది" అన్నాడు. అప్పుడే మా అత్తమ్మ జగిత్యాల నుంచి లైనులోకి వచ్చింది.

"ఇంకో వారం అయితే ధనుర్మాసం పడుతది బిడ్డా. కొత్త కోడలు ధనుర్మాసంల ఇంట్ల కాలు పెట్టొద్దు. దాని తర్వాత పుష్యమాసం, అది శూన్యమాసమే. మాఘంల పోదువు తియ్యి. ఇన్ని నెలలు ఆగినవ్, ఇంకొన్ని దినాలు ఆగుతె ఏమైతది?"

ఆ ఇల్లు అత్తమ్మది కాదు. కెమ్నిట్జ్‌లో మూడో అంతస్తులో ఒకటిన్నర గదుల అద్దె కొంప. దాని ఓనరు జర్మన్ ముసలాయన, ఆయనకి ధనుర్మాసం అంటే ఏమిటో తెలియదు. ఈ మాటలన్నీ గొంతుదాకా వచ్చాయి. మా ఆయన ఏమైనా అంటాడేమోనని ఆగాను.

"అమ్మ చెప్పినట్టే కానీ," అన్నాడు.

ఒళ్ళు మండింది. ఆ రోజు సాయంత్రం ఫోను ఎత్తలేదు. మర్నాడు ఎత్తాను గానీ, వాన అని ఆయన అనకముందే ఇక్కడ ఎండ అని చెప్పేసి పెట్టేశాను.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం ఫోను వచ్చింది. ఆఫీసు వేళలో ఆయన ఎప్పుడూ చేయడు. ఏమైందోనని గాభరాగా ఎత్తాను.

"నువ్వు ఎట్లన్న జేసి ఈ నెలాఖరు లోపల రావాలె," అన్నాడు. గొంతులో తొందర. ఆయన గొంతులో అలాంటిది ఒకటుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. "అమ్మకు నేను చెప్త. టికెట్ చూస్తున్న. నువ్వు రావాలె, అంతే."

అబద్ధం ఎందుకు, గాల్లో తేలాను. పెరట్లోకి వెళ్ళి దండెం మీది బట్టలు తీస్తున్నట్టు నిలబడ్డాను. నవ్వుతుంటే మా అమ్మ చూడకూడదని. ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూస్తున్న మాట. అమ్మ మాట కూడా కాదని పిలుస్తున్నాడు. నేనూ కొంచెం బెట్టు చేయాలి కదా అనుకుని, "ఇంత తొందరేంది? మాఘంల వస్త తియ్యి," అన్నాను.

"మాఘంల అయితే లాభం లేదు. డిసెంబరు దాటితే టాక్స్ పోతది."

ఆరిన బట్ట చేతిలోంచి జారి మట్టిలో పడింది. మళ్ళీ ఉతుక్కున్నాను.

టాక్సు సంగతి చెప్పడానికి ఆయన అన్నను లైనులో కలిపాడు. అన్న కైసర్స్‌లౌటర్న్‌లో ఉంటాడు. ఆయన ఎవరికీ సొంత అన్న కాదు, జర్మనీలో ఉన్న మనవాళ్ళందరికీ అన్న. సాఫ్ట్‌వేరు ఉద్యోగం పక్కన పెట్టి ఏటా అందరి పన్ను రిటర్నులూ నెత్తిన వేసుకుంటాడు. అక్కడ పన్ను సలహా ఇవ్వాలంటే లైసెన్సు ఉండాలట. అందుకని అన్న సలహా ఇవ్వడు, "నేనైతే ఇట్ల జేస్త" అని ఊరుకుంటాడు.

"చూడు చెల్లె," అన్నాడు అన్న. "ఈడి సర్కారు లెక్కల నీ మొగడు ఇంకా పెండ్లిగాని పిలగాడే. నువ్వు ఇండియాల ఉన్నన్ని దినాలు ఆయన పన్ను ఒంటిగాని పన్నే. గదే నువ్వు వచ్చి ఈడ కాపురం పెట్టినవనుకో, డిసెంబరు ఆఖరి దినం వచ్చినా సరే, ఏడాది మొత్తం ఇద్దరిది కలిపి రిటర్న్ ఎయ్యొచ్చు. నీకు ఈడ జీతం లేదు, కాబట్టి ఆయన పన్ను మస్తు తగ్గుతది. నేనైతే తోల్కొస్త."

"మా స్కూలు జీతం ఉండె గద అన్నా. అది చూపెట్టద్దా?"

"చూపెట్టాలె చెల్లె. ఎంతొస్తుండె?"

చెప్పాను. అన్న నవ్వు ఆపుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. "దానితోని ఏం గాదు తియ్యి," అన్నాడు.

"జనవరి ఒకటిన వస్తే?"

"పోయిన ఏడాది పోయినట్టే. ఆ ఏడాదికి నీ మొగడు బ్రహ్మచారే."

నాకు ఆ దేశం మీద గౌరవం పుట్టుకొచ్చింది. శ్రావణం నుంచి ఒకరి మొహం ఒకరు చూసుకోని మొగుడూ పెళ్ళాలు ఏడాది ఆఖరి రోజున ఒక గదిలో కూర్చుంటే చాలు, ఏడాదంతా కలిసి కాపురం చేసినట్టే. వాన, ఎండ, తిన్నవా, ఇంకేంది, అన్నీ మాఫీ. మా ఆయన పిలుపు కూడా ఆ లెక్కలోదే. పిలిచింది నన్ను కాదు, నాతోపాటు వచ్చే తగ్గింపుని. నేను ఊరికే దాన్ని మోసుకెళ్ళే మనిషిని. ఇది ఆయనతో అనలేదు. అంటే నీ ఇష్టం అంటాడని భయం. వెళ్ళకుండా ఉండాలనీ లేదు, ఇలా వెళ్ళాలనీ లేదు.

ఆదివారం రెండు ఇళ్ళవాళ్ళం వీడియో కాల్‌లో కూర్చున్నాం. మా ఆయన తల్లికి జర్మనీ పన్ను విధానం వివరించాడు. అత్తమ్మ మొదట ముక్కున వేలేసుకుంది. శాస్త్రం, సంప్రదాయం, కాపురం చల్లగా ఉండాలంటే పెద్దలు చెప్పినట్టు వినాలి, అన్నీ చెప్పింది. చివరికి "ఇంతకు ఎంతొస్తది?" అని అడిగింది. మా ఆయన చెప్పాడు. అత్తమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకుంది.

"అయ్యగారిని ఒక మాట అడుగుదాం. ఏదన్న దారి ఉంటది," అంది.

అయ్యగారు అరగంటలో దారి చూపించారు. మన వాళ్ళలో ప్రస్థానం అనేది ఒకటుంది. మంచి ముహూర్తానికి మనిషి బయల్దేరలేకపోతే, మనిషి సామాను కొంచెం ఆ ముహూర్తానికి గడప దాటించి ఇంకో ఇంట్లో పెడతారు. ప్రయాణం మొదలైనట్టే లెక్క. తర్వాత మనిషి ఎప్పుడు వెళ్ళినా దోషం లేదు.

"ధనుర్మాసం రాకముందు అమ్మాయి వాడుకునే బట్టలు, ఒడిబియ్యం ఒక పెట్టెలో పెట్టి పంపించండి. పెట్టె వెళ్ళిందంటే అమ్మాయి వెళ్ళినట్టే," అన్నారు అయ్యగారు.

ఆఖరి రోజు వచ్చినవాళ్ళను ఏడాదంతా ఉన్నట్టు లెక్కేసే సర్కారు అక్కడ. పెట్టె వెళ్తే మనిషి వెళ్ళినట్టు లెక్కేసే అయ్యగారు ఇక్కడ. వీళ్ళిద్దరికీ సంబంధం కుదిర్చినవాడు ఎవడో గానీ బాగా జాతకాలు చూసే కుదిర్చాడు.

మా వీధి చివరి పెద్దమ్మ అదే వారంలో కూతురి కాన్పుకని కెమ్నిట్జ్ పక్క ఊరు లైప్జిగ్ వెళ్తోంది. ఆమెని బతిమాలి ఒక సూట్‌కేసు ఒప్పగించాం. ముహూర్తానికి అత్తమ్మ జగిత్యాల నుంచి బస్సెక్కి వచ్చింది. సూట్‌కేసుకి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఎదురుగా ముత్తయిదువని నడిపించి మరీ గడప దాటించింది. అందులో ఒడిబియ్యం, సకినాలు, మామిడికాయ తొక్కు, రెండు పట్టుచీరలు, నా స్వెటర్లు, కొత్తగా కొన్న చలికోటు ఉన్నాయి. వెచ్చటి బట్టలన్నీ అందులోనే వెళ్ళాయి. జర్మనీలో నేను వాడుకునే బట్టలు అవే కదా మరి. మా అమ్మ కళ్ళొత్తుకుంది. "నేనింకా ఈడనే ఉన్న గదనే," అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

మా ఆయన లైప్జిగ్ వెళ్ళి సూట్‌కేసు తెచ్చుకుని వీడియోలో చూపించాడు. కిటికీ పక్కన నిలబెట్టాడు. పసుపు ఇంకా చెదరలేదు.

"తెరవాల్నా?"

"వద్దు. ఎవరి పెట్టె వాళ్ళే తెరవాలన్నరు అయ్యగారు."

"సరే తియ్యి," అని దాన్ని ఇంకొంచెం కిటికీ వైపు జరిపాడు.

ఇక ఆ తర్వాత జరిగింది మా ఆయన లాంటి మనిషి మాత్రమే చేయగలిగిన పని. ఆ దేశంలో ఇంట్లో దిగినవాళ్ళు ఊరి జనం లెక్క చూసే ఆఫీసుకి, అంటే బ్యూర్గర్ ఆంట్‌కి వెళ్ళి, ఫలానా ఇంట్లో ఉంటున్నామని పేరు రాయించుకోవాలి. దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. దానికి ముందు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరకాలి. మనవాళ్ళు అక్కడ ఒకరికొకరు ఎదురైతే బాగున్నారా అని అడగరు, టెర్మిన్ దొరికిందా అని అడుగుతారు. మా ఆయనకు నా విమానానికి వారం ముందు టెర్మిన్ ఒకటి దొరికింది, దాని తర్వాతవన్నీ జనవరిలోనే. డిసెంబరులో నా పేరు కాగితం మీద ఎక్కకపోతే పన్ను పోతుందని ఆయన గుండెల్లో రాయి పడింది. పెళ్ళి సర్టిఫికెట్టు, దాని జర్మన్ అనువాదం, నా పాస్‌పోర్టు జిరాక్సు సర్దుకుని, నేను లేకుండానే నా ఆన్‌మెల్డుంగ్‌కి వెళ్ళాడు.

ఆ సాయంత్రం ఫోనులో జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆయనకు దాంట్లో నవ్వొచ్చే విషయమేదీ కనబడలేదు, అదే నాకు నవ్వొచ్చింది. కౌంటర్‌లో కళ్ళజోడు మెడలో వేలాడేసుకున్న పెద్దావిడ ఉందట. భార్య ఎప్పుడు ఇంట్లో దిగిందని అడిగిందట. మా ఆయనకు అబద్ధం చెప్పడం చేతకాదు. "నా భార్య సూట్‌కేసు పోయిన వారం దిగింది," అన్నాడట.

"సూట్‌కేసు సరే. భార్య?"

"మా సంప్రదాయం ప్రకారం సూట్‌కేసు వస్తే ప్రయాణం అయినట్టే."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఆయన్ని పరీక్షగా చూసిందట. ఈ ఆఫీసులో మనుషుల్నే నమోదు చేస్తామని, సూట్‌కేసుకి పుట్టిన తేదీ ఉండదని చెప్పిందట. ఆ తర్వాత కొంచెం మెత్తబడి అసలు సంగతి చెప్పింది. భార్య వచ్చాక రెండు వారాల్లోపు వచ్చి రాయించుకుంటే చాలు, డిసెంబరులో దిగితే డిసెంబరు తేదీనే రాస్తారు. కాగితం జనవరిలో పుట్టినా తప్పేమీ లేదు. అంటే ఆ టెర్మినూ అనవసరం, ఆ గాభరా కూడా అనవసరం.

"పోయేముందు ఆవిడ ఇంకోటి అడిగింది," అన్నాడు. "నీ భార్య వస్తుంటే సంతోషంగ ఉన్నదా అని."

నా నవ్వు ఆగిపోయింది. "ఏమన్నవ్?"

"యా, ఉన్నది అన్న."

"ఆమెతోని అన్నవ్. నాతోని ఎన్నడన్న అన్నవా?"

"అదేంది, నీకు తెల్వదా?"

"నాకెట్ల తెలుస్తది? నాకు టాక్స్ సంగతే తెలుసు."

ఆయన "ఇక్కడ మంచు పడుతున్నది," అన్నాడు. ఫోను పెట్టేసి బాగా ఏడ్చాను. ఆ పెద్దావిడెవరో ముక్కూ మొహం తెలియదు, ఆమెకి చెప్పగలిగాడు.

డిసెంబరు ముప్పయిన హైదరాబాదు నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి ఫ్రాంక్‌ఫర్ట్. పన్ను గడువుకి ఒక రోజు మిగిలేలా మా ఆయన టికెట్ తీశాడు. హైదరాబాదులో అంతా బాగానే ఉంది. ఢిల్లీ మీదికి వచ్చాక కిందకి చూస్తే ఊరు లేదు, తెల్లటి పొగమంచు ఒక్కటే ఉంది. విమానం ఆకాశంలోనే చక్కర్లు కొట్టి కొట్టి ఎలాగో దిగేసరికి ఫ్రాంక్‌ఫర్ట్ విమానం వెళ్ళిపోయింది. నాలాంటి వాళ్ళం ఓ పెద్ద గుంపు కౌంటర్ ముందు నిలబడ్డాం. నా ఒంటి మీద పల్చటి కాటన్ డ్రెస్సు, చున్నీ. స్వెటర్లు శాస్త్రోక్తంగా ముందే కాపురానికి వెళ్ళాయి కదా. పళ్ళు కొట్టుకుంటుంటే చున్నీ చెవుల చుట్టూ కట్టుకున్నాను.

నా వంతు వచ్చింది. కౌంటర్‌లో అమ్మాయి కంప్యూటర్ చూసి, రేపు ఉదయం విమానంలో ఒక సీటు ఉందంది. రేపంటే ముప్పై ఒకటి. మధ్యాహ్నానికల్లా ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగుతాను, రాత్రికల్లా కెమ్నిట్జ్. పన్ను దక్కుతుంది. "ఇది వద్దనుకుంటే ఎల్లుండి చాలా సీట్లున్నాయి," అని ఆ అమ్మాయి మర్యాదకి చెప్పింది.

ఎవరైనా వద్దనుకుంటారా? నేను వద్దనుకున్నాను. ఆయన పిలిచింది నా కోసమా, పన్ను కోసమా అనేది నాకు వారాల తరబడి తేలడం లేదు. రెండూ కలిసిపోయి ఉన్నప్పుడు దేని విలువ ఎంతో తెలియాలంటే ఒకదాన్ని తీసేసి చూడాలి. ఎనిమిదో తరగతి పిల్లలకి ఏళ్ళ తరబడి చెప్పిన పాఠం అది. పన్ను తీసేస్తే ఆ మనిషి దగ్గర నాకేమైనా మిగులుతుందా లేదా? మిగలకపోతే కెమ్నిట్జ్ దాకా వెళ్ళకముందే తెలుసుకోవడం మంచిది కదా, ఢిల్లీ నుంచి కరీంనగర్ దగ్గరే.

"ఎల్లుండిదే ఇవ్వండి," అన్నాను. ఆ అమ్మాయి మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను.

టికెట్ చేతికొచ్చాక ఆయనకి ఫోను చేశాను. పొగమంచు సంగతి చెప్పి, "ఒకటో తారీఖుకే సీటు దొరికింది," అన్నాను.

"ఒకటో తారీఖా?"

"ఆఁ."

నేను గొడవకి సిద్ధంగా ఉన్నాను. అరిస్తే అనాల్సినవన్నీ వరసగా పెట్టుకున్నాను. అయ్యో అన్నా, అన్నను అడుగుతానన్నా, ఇంకో విమానం చూడమన్నా దేనికి ఏం జవాబివ్వాలో తెలుసు.

"స్వెటర్ ఉన్నదా నీ దగ్గర?" అన్నాడు.

"సూట్‌కేసుల పోయింది గద."

"ఢిల్లీల మస్తు చలి ఉంటది. అక్కడ ఏదన్న దుకాణముంటే ఒక శాలువ కొనుక్కో. ఇప్పుడే కొనుక్కో, మళ్ళ అని ఊకోకు."

అంతే. నేను వరసగా పెట్టుకున్న వాటిలో దీనికి జవాబు లేదు. శాలువ కొనుక్కున్నాను. విమానంవాళ్ళు ఇచ్చిన హోటల్ గదిలో ఆ శాలువ కప్పుకుని, ఆ మాటకి అర్థమేమిటా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. కోపం వచ్చి దాచుకున్నాడా, అసలు రాలేదా? ఈలోగా అత్తమ్మ ఫోను చేసి, ధనుర్మాసంల బయలెల్లితె ఇట్లనే ఐతదని, తను ముందే చెప్పిందని గుర్తు చేసింది. అన్న కూడా చేశాడు. ఇంట్లో ఎవరో పోయినట్టు "ధైర్యంగ ఉండు చెల్లె" అన్నాడు.

జనవరి ఒకటి మధ్యాహ్నం ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాను. తలుపులు తెరుచుకోగానే కనిపించాడు. పొద్దున్నే రైలెక్కి అంత దూరం వచ్చాడు. చేతిలో పూలూ బొకేలూ ఏమీ లేవు, నా చలికోటు ఉంది. దాని జేబు అంచుకి పసుపు అంటుకుని ఉంది.

"సూట్‌కేసు తెరిచినవా?"

"చలి గద," అన్నాడు. కోటు నా భుజాల మీద వేశాడు. "తిన్నవా?"

ఊళ్ళోని పెద్ద స్టేషను బయట రోడ్లన్నీ కాల్చిన టపాకాయల కాగితాలతో నిండి ఉన్నాయి, దీపావళి మర్నాడు మా వీధిలాగే. ఆ ముందు రోజు ఊరంతా ఏడాది చివరి రోజుని పండగ చేసుకున్నట్టుంది. మేం మాత్రం ఆ రోజును పోగొట్టుకున్నాం. ఆ కాగితాలు తొక్కుకుంటూ వెళ్ళి రైలెక్కాం. పక్కపక్కన కూర్చున్నాం. ఆయన బ్యాగులోంచి పులిహోర డబ్బా తీశాడు, నేను తిన్నాను. ఉప్పు ఎక్కువైంది. గంటసేపు బోడి చెట్లు, తడి పొలాలు చూశాం. ఇంక నా వల్ల కాలేదు.

"పన్ను పోయింది గద. కోపం లేదా?"

ఆయన డబ్బా మూత బిగించాడు. మళ్ళీ తీశాడు, మళ్ళీ బిగించాడు.

"ముప్పై ఒకటికి సీటుండె," అన్నాడు. "నేను ఇక్కడ లాప్‌టాప్‌ల చూసుకుంటనే ఉన్న. నువ్వు ఫోన్‌ల మాట్లాడుతుంటే గూడ చూపెట్టింది."

"మరి ఎందుకు అడగలే?"

కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు. నా మొహం చూస్తూ చెప్పలేడు, ఇప్పటికీ అంతే.

"నీకు కోపమున్నదని తెలుసు. నాకు మాట్లాడుడు రాదు, నాకే తెలుసు. అడిగితే, ఎల్లుండి గూడ రాను, ఇంటికి పోతున్న అంటవేమో అనిపించింది. భయమైంది. పన్ను పోతే పోయింది, నువ్వు వస్తె చాలనుకున్న. రెండు దినాలు ఫోన్ చేతుల పట్టుకునే కూసున్న."

శ్రావణం నుంచి నేను ఎదురుచూసిన మాట అది. ఒక ఏడాది పన్నంతా కట్టేసి మరీ చెప్పాడు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఎదురు సీట్లో జర్మన్ ఆయన మర్యాదగా పేపరు పైకెత్తి మొహం దాచుకున్నాడు. మా ఆయన ఏం చేయాలో తెలియక పులిహోర డబ్బా మళ్ళీ నా చేతిలో పెట్టాడు. తిన్నాను, ఉప్పు ఎక్కువైందని కూడా చెప్పాను.

మరుసటి వారం టెర్మిన్‌కి ఇద్దరం వెళ్ళాం. అదే పెద్దావిడ. నన్ను చూడగానే ఎవరో గుర్తుపట్టింది, నా వెనక సూట్‌కేసు ఉందేమోనని వంగి చూసింది. ఇంట్లో ఎప్పుడు దిగారని అడిగింది. నేను నోరు తెరిచేలోపే మా ఆయన "జనవరి ఒకటి" అన్నాడు. అంత గట్టిగా ఆయన మాట్లాడటం నేను వినలేదు. ఆవిడ ఆ తేదీ కొట్టి, ముద్ర వేసి, కాగితం నా చేతికిచ్చింది.

ఇప్పటికీ డిసెంబరు వచ్చిందంటే మాకు ఫోన్లు మొదలవుతాయి. కొత్తగా పెళ్ళయిన కుర్రాళ్ళకి అన్న మా కథే చెప్పి భయపెడతాడు. భార్య కోసం టికెట్ తీసేటప్పుడు ఢిల్లీ మీదుగా తీయొద్దని, ఏడాది పన్ను పొగమంచులో కలిసిపోయినవాళ్ళు ఉన్నారని. అత్తమ్మ మాత్రం ధనుర్మాసం మహిమే అంటుంది. ఆ కుర్రాళ్ళు నమ్మలేక మా ఆయనకి ఫోను చేసి, నిజంగా ఒక్క సీటు కూడా దొరకలేదా అని అడుగుతారు. నేను పక్కనే కూరగాయలు తరుగుతూ ఉంటాను.

"లేకుండె," అంటాడు మా ఆయన. "ఒక్కటి గూడ లేకుండె."